పాత రాతి నందికి ‘గార్డెన్ డెకార్’ అని బిల్లు రాసిస్తారట, తీసుకోవచ్చా?

కొల్లూరు కొత్తిల్లు:

అందరికీ నమస్తే. కొల్లూరులో ఇల్లు కట్టుకుంటున్నాం, పెయింటింగ్ ఒక్కటే మిగిలింది, ఉగాదికి గృహప్రవేశం అనుకుంటున్నాం. మా ఇంటీరియర్ డిజైనర్‌ది మొదటి నుంచీ ఒకటే పాట, గుమ్మం ముందు నీళ్ళ తొట్టి పక్కన ఏదైనా పాత రాతి పీస్ పెడితే లుక్కే మారిపోతుంది సార్ అని. సరే చూద్దామని పోయిన ఆదివారం ఆయన వెంట శంషాబాద్ దాటాక లోపలికున్న ఒక గోడౌన్‌కి వెళ్ళాం. బయట బోర్డు లేదు. లోపలికెళ్తే గుడిని విప్పదీసి టార్పాలిన్ కింద పేర్చినట్టుంది. స్తంభాలు, తులసికోటలు, నాగశిలలు, కత్తి పట్టుకున్న వీరుల రాళ్ళు, ఒక ద్వారపాలకుడు (పాపం ఆయనకి మోకాళ్ళ కింద ఏమీ లేదు).

అందులో ఒక నంది నాకు బాగా నచ్చింది. నల్లరాయి, పొడవు రెండడుగులకి కొంచెం తక్కువ, మెడలో గంటల పట్టెడ ఎంత బాగా చెక్కారంటే ఒక్కో గంటనీ వేలితో లెక్కపెట్టొచ్చు. కుడి చెవి విరిగింది. లక్షా ఎనభై వేలన్నాడు, నలభై వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. ఎక్కడిదని అడిగితే కారైకుడి వైపు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన సరుకన్నాడు. బిల్లు ఇస్తారా అంటే ‘స్టోన్ గార్డెన్ డెకార్’ అని జీఎస్టీతో సహా పక్కాగా ఇస్తానన్నాడు.

ఇంటికొచ్చి మా అమ్మకి ఫోటోలు చూపించాను. అమ్మ ఫోటో పెద్దది చేసి, నంది నుదుటి మడతల్లో కుంకుమ ఇంకా ఎర్రగా ఉందిరా, పూజలందుకున్న దేవుణ్ణి తెచ్చి నీళ్ళ తొట్టి పక్కన షోకి పెడతావా అని గొడవ. ముందు నవ్వేశాను గానీ తర్వాత నేను కూడా పెద్దది చేసి చూశాను. నిజమే. మడతల్లో నూనె జిడ్డు కూడా ఉంది. పాడుబడిన ఇంట్లో పడి ఉన్న నందికి కుంకుమ ఎవరు పెడతారు? నాలుగు రోజుల్నుంచీ ఇదే టెన్షన్. ఇలాంటివి కొనడం తప్పా? అడ్వాన్స్ వదులుకోవాలా? మా ఆఫీసులో అడిగితే, మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లన్నిటిలో ఉన్నవి ఇవే కదా, నీకొక్కడికే ఎందుకంత బాధ అంటున్నారు.

రాతిపిచ్చి:

ముందు ఒక్క మాట చెప్పండి, నంది అడుగు భాగం చూశారా? గుళ్ళో నంది పీఠంతో కలిసి ఒకే రాయిగా ఉంటుంది, లేదంటే కింద పీఠంలో కూర్చోబెట్టి ఉంటుంది. శిల్పి అడుగున ఉలితో చేసిన పని ముతగ్గా, గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. అలా కాకుండా అద్దంలా చదునుగా ఉండి గుండ్రటి గీతలు కనబడితే మాత్రం అది ఈ కాలపు కటింగ్ మెషిన్ పని. అంటే ఎవరో పీఠం నుంచి కోసి తీసుకొచ్చారన్నమాట.

కారైకుడి కథ గురించి. కారైకుడి ఉన్నది తమిళనాడులో, చెట్టియార్ వ్యాపారుల చెట్టినాడులో. అక్కడి ఇళ్ళు పడగొడితే వచ్చే సరుకు నాకు బాగానే తెలుసు. బర్మా టేకు స్తంభాలు, చెక్కుడు తలుపులు, ఆత్తంగుడి టైల్స్, ఎనామెల్ గిన్నెలు, బెల్జియం అద్దాలు. ఇవన్నీ ఇంటి సామాన్లు. శివుడు ఎదురుగా ఉంటేనే నందికి పని, చెట్టియార్ల ముంగిట్లో దానికేం పని? పైగా నల్లరాతి మీద అంత లోతుగా తొలిచిన గంటలూ గొలుసులూ అంటే నాకు మన వరంగల్ వైపే, కాకతీయుల పనితనం మీదికే మనసు పోతోంది. ఫోటో చూడకుండా ఖాయంగా చెప్పనులెండి.

ఇక చట్టం. 1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన శిల్పం పురావస్తువు కిందికే వస్తుంది. చేతిరాత గ్రంథాలకైతే 75 ఏళ్ళు చాలు. రాతి, లోహ, మట్టి, దంతపు శిల్పాలు మన దగ్గరుంటే రిజిస్టర్ చేయించాలి, చేతులు మారితే ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి, వీటితో వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. అంటే పాత విగ్రహం ఇంట్లో ఉండటం నేరమేమీ కాదు. కాగితం లేకుండా ఉండటంతోనే చిక్కు. బిల్లు మీద ‘గార్డెన్ డెకార్’ అని రాయించుకున్నారంటే అది పాతది కాదని మీరు కూడా ఒప్పుకున్నట్టే, మరి లక్షా ఎనభై వేలు ఎందుకు పోస్తున్నట్టు? అదే నంది ఆళ్ళగడ్డలో కొత్తగా చెక్కించుకుంటే శిల్పి పేరుతో సహా బిల్లిస్తారు.

జుమ్మేరాత్ బేరగాడు:

రాతిపిచ్చి అన్న చెప్పేది పుస్తకాల్లో కరెక్టే, బజార్లో లెక్కలు వేరు. ముప్పై ఏళ్ళుగా పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో తిరుగుతున్నా, కొన్నాళ్ళు అమ్మాను కూడా (రాళ్ళు కాదు లెండి, ఇత్తడి, గడియారాలు, బిద్రీ అంటే నల్ల లోహం మీద వెండి తీగ పొదిగిన సామాన్లు). ఇక్కడ ప్రతి వస్తువుకీ ఒక తాతయ్య ఉంటాడు. హైదరాబాద్‌లో ఆ తాతయ్య ఎప్పుడూ నవాబే. ఏ హుక్కా అడుగు ఎత్తి చూపించినా ‘ఫలానా దేవిడీ (నవాబుల భవంతి) నుంచి వచ్చింది సాబ్’ అంటారు. నేను విన్న హుక్కాలన్నీ నిజంగా ఆ దేవిడీల్లోంచే వచ్చి ఉంటే నవాబులకి పడుకోవడానికి జాగా మిగిలేది కాదు. కొత్త బిద్రీ చెంబు తెచ్చి, అక్కడక్కడా వెండి తీగ పీకి, మూలల్లో మసి పట్టించి పాతదని అమ్మడం నా కళ్ళతో చూశాను. ఉత్తరాలు తయారు చేసేవాళ్ళు కూడా ఉండేవారు. పాత లెడ్జర్‌లోంచి ఖాళీ పేజీ చించి, దాని మీద ఉర్దూలో నాలుగు ముక్కలు రాసి, టీ నీళ్ళలో ముంచి ఆరేస్తే మీకు ‘ఫ్యామిలీ పేపర్స్’ రెడీ.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ రాళ్ళన్నీ దొంగలే ఎత్తుకొచ్చినవి అనుకోకండి. జీర్ణోద్ధారణ పేరుతో ఊళ్ళోవాళ్ళే పాత గుడి కూలగొట్టి, టైల్స్ వేసి, శిఖరానికి ఎనామెల్ రంగులు కొట్టి, పాత రాళ్ళని చెరువు కట్ట మీద పారబోస్తారు. వాటి మీద బట్టలుతుకుతారు, గేదెల్ని కట్టేస్తారు. అలాంటిది ఒకాయన తెచ్చి కడిగి తన ఇంటి ముందు పెట్టుకుని రోజూ చూసుకుంటే తప్పేముంది? ఊళ్ళో ఉంటే గుప్తనిధుల గ్యాంగ్ ఏదో ఒకరోజు గడ్డపారతో పొట్ట పగలగొడుతుంది. నా వరకు ఇంట్లో ఉన్నదే మేలు. కొల్లూరు అన్నా, బేరం చేసి లక్షా ఇరవైకి తీసుకో.

చెరువుకట్ట:

బేరగాడు అన్నా, నువ్వన్న చెరువు కట్ట మాది కాబట్టి నా పేరే అది పెట్టుకుని జవాబిస్తున్నా. నాది ములుగు వైపు ఒక ఊరు, పదేళ్ళుగా ఉప్పల్‌లో ఉంటున్నా. మా ఊరి బయట పాడుబడ్డ శివాలయం ఉంది, కాకతీయుల నాటిదంటారు, మూడు గర్భగుళ్ళు, మధ్యలో మంటపం. పెద్ద గుడి కాదు, రామప్పలాగా ఎవరూ చూడ్డానికి రారు. ఏడాదికొకసారి శివరాత్రికి ఊరంతా వెళ్తాం, మిగతా రోజుల్లో మేకలు వెళ్తాయి. గుడి మీద రావిచెట్టు మొలిచిన మాట నిజం. మేం సరిగ్గా చూసుకోలేదన్న మాటా నిజం. దాన్ని పారబోశారని మాత్రం అనకు.

మొదట గుప్తనిధుల వాళ్ళే వచ్చారు. అమావాస్య రాత్రి లింగం కింద నాలుగడుగులు తవ్వి, నిమ్మకాయలు, కోడి ఈకలు వదిలేసి పోయారు. ఏమీ దొరకలేదు, ఎప్పుడూ దొరకదు. మా నాయిన అనేవాడు, నంది కడుపులో వజ్రాలుంటాయని ఎవడు పుట్టించాడో గానీ ఆ మాట మీద పోయినన్ని నందులు తురకల దండయాత్రల్లో కూడా పోయి ఉండవని. (ఆయన మాట ఆయనది, చరిత్రగా తీసుకోకండి.) ఆ తర్వాత రెండేళ్ళకు ఇంకో రకం వాళ్ళొచ్చారు. వీళ్ళు తవ్వలేదు, పూజలు చేయలేదు, దేన్నీ పగలగొట్టలేదు. పొద్దున వెళ్ళి చూస్తే నంది ఒక్కటే లేదు, ట్రాలీ టైర్ల జాడలు రోడ్డు దాకా ఉన్నాయి. పీఠం అక్కడే ఉంది, కొత్తగా కోసిన రాయి బూడిద రంగులో మెరుస్తూ. పద్నాలుగేళ్ళయింది, నాకు ఆ రంగు ఇంకా గుర్తుంది.

పోలీసులకి చెప్పాం. కంప్లైంట్‌లో ‘నంది విగ్రహం ఒకటి’ అని రాసుకున్నారు. ఎత్తెంత, పొడవెంత, గుర్తులేమిటి అని అడిగారు, ఒక్కొక్కరం ఒక్కోలా చెప్పాం. మోకాళ్ళెత్తని ఒకరు, నడుమెత్తని ఒకరు. ఫోటో ఉందా అన్నారు. ఊరు ఊరంతా వెతికితే ఒక్కటి దొరికింది, 1989లో మా మేనత్త పెళ్ళిది. పెళ్ళికొడుకు తరఫు పిల్లలు నంది మీద ఎక్కి కూర్చున్నారు, తల మీద ఒకడు, వీపు మీద ఇద్దరు. నంది కంటే పిల్లల చెడ్డీలే ఎక్కువ కనబడుతున్నాయి. దాన్ని పట్టుకుని ఎవరు వెతుకుతారు?

కొల్లూరు అన్నా, నీ నందికి ఎడమ కొమ్ము ఉందా?

రాతిపిచ్చి:

చెరువుకట్ట తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బేరగాడికి జవాబు చెప్పాలి గానీ ఆయన మీద నాకు కోపం లేదు. ఆ వాదన ఆయన కనిపెట్టింది కాదు, రెండొందల ఏళ్ళ నాటిది. అమరావతికి 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ వచ్చేసరికి స్తూపం పాలరాయి ఊళ్ళో కట్టడాలకి పోతోంది, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి. కొన్ని రాళ్ళని సున్నానికి కాల్చేశారు కూడా. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు, అక్కణ్ణుంచి 1859లో లండన్‌కి ఓడెక్కించారు. ఇవాళ అమరావతి స్తూపం గొప్పతనం చూడాలంటే బ్రిటిష్ మ్యూజియంకో, చెన్నై ఎగ్మూరుకో వెళ్ళాలి. ‘ఇక్కడుంటే పాడైపోయేవి, మేం కాపాడాం’ అని వాళ్ళు చెప్తే అందులో సగం నిజమే ఉంది, అదే ఒళ్ళు మండించే సంగతి. కానీ మెకంజీ దగ్గర ఒకటుంది, బొమ్మలు గీయించాడు, ప్లాన్ తీయించాడు. ఏ పలక ఎక్కడిదో ఇవాళ కొంతవరకైనా చెప్పగలుగుతున్నామంటే ఆ గీతల వల్లే. శంషాబాద్ గోడౌన్ వాడు ఏం గీయించాడు? ఎక్కడ పీకాడో అది చెరిపేయడమే కదా వాడి వ్యాపారం.

దీన్నే ప్రోవెనెన్స్ అంటారు. మన మాటలో చెప్పాలంటే వస్తువు పుట్టుపూర్వోత్తరాలు, ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల్లోంచి ఎవరికి వచ్చింది అన్న వరస. పెద్ద మార్కెట్లో దీని మీదే ఆట అంతా. పురావస్తువుల దొంగరవాణా ఆపడానికి 1970లో యునెస్కో ఒప్పందం వచ్చింది, మనం 1977లో చేరాం. దాంతో వస్తువు ఆ 1970 నాటికే ఇండియా దాటిందని చూపించుకోవాలి, కాబట్టి దొంగ కాగితాలన్నీ సరిగ్గా 1968, 1969, 1970 అనే చెప్తాయి. న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో పాత శిల్పాల షాపు పెట్టుకున్న సుభాష్ కపూర్ సంగతి తెలిసే ఉంటుంది. తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజుని కాన్‌బెర్రాలో ఉన్న ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి 2008లో 50 లక్షల డాలర్లకు పైగా అమ్మాడు. ఎక్కడిదయ్యా అంటే సూడాన్ దౌత్యవేత్త ఒకాయన ఢిల్లీలో ఉన్నప్పుడు కొనుక్కున్నాడని కథ. మన బేరగాడు చెప్పిన నవాబు తాతయ్యే, పాస్‌పోర్ట్ మారిందంతే. పాండిచ్చేరిలో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1950ల నుంచి గుళ్ళ విగ్రహాలకి ఫోటోలు తీసి దాచారు, ఆ ఫోటోల ముందు కథ నిలబడలేదు. 2014లో నటరాజు తిరిగొచ్చాడు. కపూర్ 2011లో జర్మనీలో పట్టుబడ్డాడు, 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ళు వేసింది. అతని గోదాముల్లో దొరికినవి రెండున్నర వేలకు పైనే.

తమిళనాడు గొడవ మనకెందుకంటారేమో, మనదీ ఉంది ఇందులో. ప్రకాశం జిల్లా దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం. అక్కణ్ణుంచి పోయిన పలక ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న జనం ఉన్నది, అదే కాన్‌బెర్రా గ్యాలరీ 2005లో అదే కపూర్ దగ్గర 5,95,000 డాలర్లకి కొంది. అది చందవరంలో ఉన్నప్పటి ఫోటో బయటపడ్డాక 2016లో వెనక్కిచ్చారు. చందవరం ఎక్కడుందో ప్రకాశం జిల్లాలోనే సగం మందికి తెలీదు. అయినా ఎవరో ఒకరు ఒకరోజు కెమెరా పట్టుకుని వెళ్ళారు కాబట్టి ఆ పలక వెనక్కొచ్చింది. మీ ఊరికి ఎవరూ వెళ్ళలేదు తమ్ముడూ, తేడా అంతే.

బర్కత్‌పురా బడిపంతులు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాకో సందేహం. ప్రతి ఏడూ పిల్లల్ని పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకి తీసుకెళ్తాను, వాళ్ళకి అక్కడ కావలసింది మమ్మీ ఒక్కటే. మనవి మనకి ఇవ్వమని అడుగుతున్నాం కదా, మరి ఈజిప్టు అమ్మాయి నాంపల్లిలో పడుకుని ఉందేమిటి? పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది ఈ మాట. వాచీ చూసుకుని బస్సు టైమైందన్నాను.

రాతిపిచ్చి:

మంచి ప్రశ్న పంతులుగారూ, బస్సు తప్పిపోయినా ఫర్వాలేదు అనిపించేటంత. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకి కొని ఏడో నిజాంకి ఇచ్చాడు, ఆయన 1930లో మ్యూజియంకి ఇచ్చాడు. ఆ రోజుల్లో ఈజిప్టులో లైసెన్సు ఉన్న దుకాణాల్లోనే ఇలాంటివి అమ్మేవారు, కైరో మ్యూజియం కూడా అమ్మేది. అక్కడ వ్యాపారం పూర్తిగా ఆగింది 1983 చట్టంతో. కాబట్టి అప్పటి చట్టం ప్రకారం చూస్తే దాన్ని దొంగసొత్తు అనలేం. ధర తెలుసు, కొన్నదెవరో తెలుసు, ఇచ్చిందెవరో తెలుసు. మన నంది గురించి వీటిలో ఒక్కటీ తెలీదు. చట్టం ఒప్పుకుంటే సరిపోతుందా, మనిషి శవాన్ని కొనడమేంటి అని ఆ పిల్ల మళ్ళీ అడిగితే మాత్రం నా దగ్గరా జవాబు లేదు, నేనూ వాచీ చూసుకుంటాను. మొన్న 2025లో ఉత్తరప్రదేశ్ పిప్రహ్వా రత్నాల మీద వచ్చిన గొడవ కూడా ఇదే. 1898లో పెప్పే అనే దొర తన ఎస్టేట్‌లో తవ్వితే బుద్ధుడి ధాతువులతో (అస్థికలతో) పాటు దొరికినవి, వారసులు హాంకాంగ్‌లో వేలానికి పెట్టారు. కాగితాలన్నీ ఉన్నాయి. అయినా మన ప్రభుత్వం నోటీసు పంపింది, వేలం ఆగింది, గోద్రెజ్ వాళ్ళు కొని జులైలో ఇండియాకి చేర్చారు. ధాతువులతో పూడ్చిపెట్టినవాటిని నగల్లాగా వేలం వేస్తారా అని జనం అడిగారు, కాగితం ఉన్నా ఆ మాటకి సమాధానం దొరకలేదు.

నల్లకోటు:

సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు. ఇది నా లైన్ కాదు గానీ కొల్లూరు గారి నలభై వేల గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి వస్తున్నా.

దొంగసొత్తు అని తెలిసి కొన్నా, అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొన్నా నేరమే, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 317 సెక్షన్. మీరేమో కుంకుమ కనబడింది, బోర్డు లేదు, బిల్లు మీద వేరే పేరు రాస్తానన్నాడు అని ఇంత వివరంగా నలుగురిలో రాసిపెట్టారు. ఇక నాకు తెలీదని ఏ కోర్టులోనూ అనలేరు సార్, నమస్కారం. బిల్లు కాపాడుతుందనుకోకండి, అది కాపాడేది వాడినే, నేనమ్మింది డెకార్ ఐటమ్ అంటాడు.

కాబట్టి ఇలా చేయండి. ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా మర్యాదగా రెండే అడగండి. మీ డీలర్ లైసెన్సు కాపీ, ఈ విగ్రహం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అవి ఇస్తే మిగతా డబ్బు ఇస్తాను, లేకపోతే అడ్వాన్స్ తిరిగివ్వండి అని. నా అంచనా, డబ్బు వెనక్కొస్తుంది. ఆ తర్వాత ఫోటోలు, గోడౌన్ లొకేషన్‌తో గన్‌ఫౌండ్రీలో హెరిటేజ్ శాఖ ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర ముఖ్యం.

దేవుడి తరఫున ఎవరడుగుతారు అని ఎవరికైనా అనుమానం ఉంటే, తమిళనాడు పత్తూరు నటరాజు కేసు ఉంది. 1976లో ఒక కూలీ గుడిసె దగ్గర తవ్వుతుంటే దొరికింది, చేతులు మారి లండన్ చేరింది, 1982లో కెనడా కంపెనీ ఒకటి కొంది. పాడుబడ్డ గుడి తరఫున లండన్ కోర్టులో దావా వేస్తే 1991లో గుడికే హక్కుందని తేల్చారు. అన్నట్టు భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 చట్టం, ఇప్పటికీ పుస్తకంలో పది రూపాయలే ఉంది.

జుమ్మేరాత్ బేరగాడు:

లాయర్ సాబ్ వచ్చాక నేనేం మాట్లాడతా. లక్షా ఇరవై మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్కటి మాత్రం నా అనుభవం నుంచి చెప్తా, ఫోటో గురించి రాతిపిచ్చి అన్న చెప్పింది బజారుకి కూడా వర్తిస్తుంది. 2018లో పురానీ హవేలీ నిజాం మ్యూజియంలోంచి బంగారు టిఫిన్ బాక్సు పోయింది కదా, వెంటిలేటర్‌లోంచి దిగి ఎత్తుకెళ్ళారు. వారంలో దాని బొమ్మ ప్రతి టీవీలో వచ్చింది, ఇక దాన్ని ఎవడు ముట్టుకుంటాడు? అమ్మలేక దొరికిపోయారు. అదే ఎవరికీ తెలియని ఊరి నంది అయితే కేరాఫ్ కారైకుడి. చెరువుకట్ట తమ్ముడూ, పారబోశారన్న మాటకి సారీ.

కొల్లూరు కొత్తిల్లు:

ఆలస్యంగా వస్తున్నా, క్షమించండి. లాయర్ గారు చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది, మెసేజ్‌లెందుకు సార్ మాట్లాడుకుందాం అని. నేను మెసేజ్‌లోనే చెప్పండన్నాను. సాయంత్రానికి ముప్పై వేలు అకౌంట్లో పడ్డాయి, పదివేలు ‘ప్యాకింగ్ చార్జీ’ అట. ఏం ప్యాక్ చేశాడో మరి. డిజైనర్ ముఖం మాడ్చుకున్నాడు, తొట్టి పక్కన ఇప్పుడు ఏం పెడతారని అడుగుతున్నాడు. మా అమ్మ తులసి మొక్క పెట్టమంది.

గన్‌ఫౌండ్రీ ఆఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. ఓపిగ్గానే విన్నారు, ఫోటోలు మెయిల్ చేయమన్నారు. కానీ నిన్న డిజైనర్ వేరే పని మీద గోడౌన్‌కి వెళ్తే నంది అక్కడ లేదట. ఇంకెవరింటి ముందుకో పోయింది. ఇది విన్నాక నా ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ మళ్ళీ చూసుకున్నాను, మొత్తం పదకొండు.

చెరువుకట్ట గారూ, ఎడమ కొమ్ము ఉంది, కొస కొంచెం అరిగింది. రాతిపిచ్చి గారూ, అడుగు భాగం మీరన్నట్టే ఉంది, చదునుగా, గుండ్రటి గీతలతో. తొట్టి పక్కన పడుతుందో లేదోనని ఆ రోజే టేపు పెట్టి కొలిచాను, అడుగు పొడవు 22 అంగుళాలు, వెడల్పు 11. ఫోటోలన్నీ పెడుతున్నా.

చెరువుకట్ట:

ఫోటోలు చూశాను. మా మేనత్తకి కూడా పంపాను, పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకుని గంటసేపు చూసిందట. పట్టెడ మాదానిలాగే ఉందంటుంది. రాత్రి మా మేనల్లుడికి ఫోన్ చేసి పొద్దున్నే గుడికి పంపించా, పీఠం మీద కోసిన చోట టేపు పెట్టి కొలవమని. 27 అంగుళాలు ఉంది, వెడల్పు 14. రెండుసార్లు కొలిపించా. మాది కాదు.

అంటే 22 అంగుళాల పీఠం ఇంకేదో ఊళ్ళో ఉండి ఉంటుంది. కొల్లూరు అన్నా, ఆ ఫోటోలు తీసేయకు, కొలతలతో సహా అలాగే ఉంచు.

మేనల్లుడు ఎలాగూ వెళ్ళాడు కదా అని గుడి చుట్టూ ఉన్న రాళ్ళన్నిటికీ పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయమన్నా. నాగశిలలు, వీరగల్లులు, విరిగిన స్తంభం ముక్కలు కలిపి 43 లెక్క తేలాయి. పదిహేడోదానికి మేక అడ్డం వచ్చింది, మళ్ళీ తీయమని చెప్పా.